పచ్చి మునగ వేరు

తిరుపతి,
నవంబరు 1946.

యశోదా,

బాగున్నావా అని అడగను. బాగుంటావని తెలుసు. పెద్ద పెరడు, వేళకు అన్నం, పొద్దుగూకే సరికి కోర్టు నుంచి ఇల్లు చేరే మొగుడు. నాకే ఇక్కడ కాలు ఒకచోట నిలవడం లేదు.

కొత్త కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరుగా చేరానని రాశాను కదా. అది మార్చి దాకా ఉండే ఉద్యోగం. మార్చిలో మద్రాసు నుంచి ఒక పెద్దమనిషి వచ్చి మా లేబరేటరీ చూస్తాడట. చూపించడానికి పని ఉంటే నన్ను ఉంచుతారు. లేకపోతే మా అన్న వచ్చి నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకొని నన్ను మా ఊరు ఏర్పేడుకు తోలుకుపోతాడు. తరవాత నేను వదిన పక్కన కూర్చుని జీవితాంతం చింతకాయలు నలగ్గొట్టాలి. అది తప్ప నన్ను ఏ పని చెయ్యమన్నా చేస్తాను.

మా ప్రొఫెసరు బాలసుబ్రమణ్యం గారికి ఒకటే ధ్యాస, వేర్లలో ఉండే పెరాక్సిడేజు అనే ఎంజైము. పేరు చూసి హడలిపోకు. వేరు దంచి రసం పిండుతాం. అందులో దగ్గుమందులో వేసే గ్వయాకాల్ ఒక చుక్క, చెవిలో పోసే నురగమందు ఒక చుక్క. అంతే, నీళ్ళలా ఉన్న రసం చూస్తుండగానే ఇటుక రంగుకు తిరుగుతుంది. ఆ పని చేసేది ఎంజైము. రంగు ఎంత త్వరగా వస్తే అది అంత చురుకుగా ఉన్నట్టు. ఆ చురుకు ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎండకూ వేడికీ తట్టుకుంటుందా అన్నది తేల్చాలి.

ఇంగ్లీషు పుస్తకాలన్నీ ‘హార్స్ రాడిష్’ వేరుతో చెయ్యమంటాయి. అది ఇక్కడ దొరకదు. ఆయన తల పట్టుకుని కూర్చుంటే నాకు మన మద్రాసు హాస్టలు బట్లరు గుర్తొచ్చాడు. దొరసాని వార్డెనుకు ‘ఆర్సు రాడీసు’ అంటూ ఏదో తురిమి వెనిగరులో కలిపి పెట్టేవాడే, అది మన మునగ వేరు కాదూ! చెప్పగానే ఆయన, “అది వేరే చెట్టమ్మా. అయితేనేం, మునగనే చూద్దాం. నాకు తెలిసి ఎవరూ చూసినట్టు లేదు” అన్నారు.

తిరుపతిలో మునగ చెట్లకు కరువు లేదు. వేరు తవ్వుతానంటే మాత్రం ఒక్కరూ ఒప్పుకోరు. మా ఇంటావిడ నాగులమ్మ నన్ను కిందినుంచి పైదాకా చూసి, “పెండ్లిగాని పిల్లవు, నీకెందుకమ్మే మునగ వేరు?” అని తలుపేసుకుంది. పెళ్ళికీ మునగకూ ఏం సంబంధమో!

మీ పెరట్లో విత్తనం వేసి పెంచిన మునగ మొక్కల వరుస ఉందన్నావు. ఒకే ఈడు మొక్కలు నాకు కావలసినవి. వారానికోసారి లేత వేర్లు తవ్వి, తడిగోనెలో చుట్టి, రైలు గార్డు చెంగల్రాయుడు చేత పాకాల బండిలో పంపు. ఆలస్యం చెయ్యకు. నాకు ఇప్పటికే ఒక నెల తప్పింది. ఇంకో నెల పోతే ఇందులోంచి బయటపడడం నా వల్ల కాదు. ప్రొఫెసరు గారు సంగతి రహస్యంగా ఉంచమన్నారు. నలుగురికీ చెప్పకు.

నీ రత్నం.


చిత్తూరు.

ఒసే రత్నం,

చింతకాయలు నలగ్గొట్టేవాళ్ళు మనుషులు కారా? నిన్ననే నలగ్గొట్టాను. చేతులు ఇంకా పుల్లగా ఉన్నాయి.

నీ ఉత్తరం అందిన పూటే గడ్డపార పట్టుకుని పెరట్లోకి నడిచాను. మొదటి మూట ఈ ఉత్తరం కంటే ముందే నీకు చేరుతుంది. చెంగల్రాయుడు మూట వాసన చూసి, “ఇదేందమ్మా, ఆవాలు నూరినట్టు ముక్కు పగలదీస్తా ఉండాది” అన్నాడు. మందు అని చెప్పి తోలేశాను.

రహస్యం అన్నావు గానీ మా అత్త సుబ్బులమ్మ ఎరగకుండా ఈ పెరట్లో చీమ కూడా దారి మార్చుకోదు. మూట పంపేశాక నేను ఇంకొన్ని తవ్వుతుంటే వచ్చి నిలబడింది. “ఎవురికమ్మే ఆ వేరు?” అంది. నా స్నేహితురాలికి అన్నాను. “ఏమంత తొందర?” అంది. సైన్సు సంగతి ఆమెకెందుకులే అని నీ ఉత్తరం చివరి నాలుగు వాక్యాలూ చదివి వినిపించాను.

“ఆ పిల్లకు పెండ్లయిందా?”

“లేదత్తా.”

“రగస్యంగా పెట్టమన్న ఆ ప్రొఫెసరు ఎవురు?”

“ఆమె చేత పని చేయించే ఆయన.”

ఆమె రోలు మీద కూలబడింది. తరవాత లేచి, నా చేతిలో గడ్డపార లాక్కుని, “ఇంగమీదట వేర్లు నేను తవ్వి మూటగట్టిస్తా. నువ్వు ముట్టొద్దు” అంది. చూశావా! ఈ ఇంటికి వచ్చి నాలుగేళ్ళయింది, ఆమె నా పని ఒక్కటైనా తన మీద వేసుకోవడం ఇదే మొదలు. నీ చదువంటే ఆమెకు గౌరవం కలిగిందనుకుంటాను.

నాకు మాత్రం కాస్త అసూయగా ఉందే. ఇంటర్మీడియెట్ ప్రాక్టికల్సులో నా చేతిలో గాజుగొట్టం ఎప్పుడూ వణకలేదు, నీది వణికేది. ఇప్పుడు నువ్వు అక్కడున్నావు. నాకు రంగు మారడం కనిపించేదల్లా పసుపులో సున్నం కలిపినప్పుడే.

యశోద.


తిరుపతి,
డిసెంబరు.

యశోదమ్మ తల్లీ,

నీ మూట విప్పి, దంచి, పిండి, రెండు చుక్కలూ వేశాను. ఊపిరి తీసేలోపల ఇటుక రంగు! ప్రొఫెసరు గారు ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూశారు. ఆయన నవ్వగా చూడడం నాకు ఇదే మొదటిసారి. పక్క గదిలో ఫిజిక్సు వాళ్ళు కూడా వచ్చి చూసి వెళ్ళారు. ఆడపిల్ల లేబరేటరీలో ఏం చేస్తుందని గుసగుసలాడినవాళ్ళే.

ఒక్కసారి వస్తే చాలదు. వారం వారం అదే చెట్ల వేరు అదే చురుకు చూపాలి, అప్పుడే లెక్క. అందుకే మూటలు ఆపకు. మీ అత్తగారికి నా నమస్కారాలు. అంత పెద్దావిడ నా కోసం మట్టిలో చేతులు పెడుతోందంటే సిగ్గుగా ఉంది.

రత్నం.


తిరుపతి,
జనవరి 1947.

యశోదా,

నువ్వు ఏం పంపుతున్నావో నీకు తెలుస్తోందా?

మొదటి మూట తరవాత వచ్చిన మూటలన్నీ చచ్చిన వేర్లు. చుక్కలు వేసి కూర్చుంటే రసం నా మొహం చూస్తుంది, నేను రసం మొహం చూస్తాను. రంగు లేదు. వేరు పట్టుకుంటే మెత్తగా ఉంటోంది. ఎండలో పడేశారా? ఆ చెంగల్రాయుడు ఇంజను పక్కన పెట్టి తెస్తున్నాడా? లేక మొదటి మూటతోనే నీ సరదా తీరిపోయిందా?

ఇంకో వింత. చచ్చిన రసాన్ని పారబోయడానికి మనసొప్పక మూతపెట్టి ఉంచాను. మర్నాడు పొద్దున అదే రసంలో కొత్తగా చుక్కలు వేస్తే ఇటుక రంగు వచ్చింది! పరిగెత్తి ప్రొఫెసరు గారిని పిలిచాను. ఆయన చూసి, “గొట్టాలు సరిగ్గా కడగలేదమ్మా నువ్వు” అన్నారు. మూడుసార్లు కడుగుతాను నేను. చేతులు పగిలిపోయాయి. మళ్ళీ కడిగాను, మళ్ళీ అదే. సాయంత్రం చచ్చింది పొద్దున లేస్తోంది. ఆయన ఇప్పుడు నా గొట్టాలను కాదు, నన్నే అనుమానంగా చూస్తున్నారు.

మార్చి దగ్గరికొస్తోంది. మా అన్న అప్పుడే ఉత్తరం రాశాడు, పెట్టె సర్దుకున్నావా అని. నీకిదంతా ఆటగా ఉంటే ముందే చెప్పు.

రత్నం.


చిత్తూరు.

రత్నం,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానో అని భయం వేసింది.

వేర్లు పొద్దున్నే తవ్వుతున్నాం. తడిగోనెలోనే పంపుతున్నాం. చెంగల్రాయుడు మూటను తన పెట్టె మీద, ఇంజనుకు ఆమడ దూరంలో పెట్టుకుంటాడట. ప్రమాణం చేశాడు. ఆటగా ఉందా అన్నావు. ఈ ఇంట్లో వారమంతా నేను ఎదురుచూసే పని అదొక్కటే, తెలుసా? అది కూడా మా అత్త నా చేతికి రానివ్వడం లేదు. తవ్వేది ఆమె, కడిగేది ఆమె, వంటింట్లో తలుపు దగ్గరికి వేసుకుని మూట కట్టేది ఆమె.

మా అత్త తీరే నాకు అర్థం కావడం లేదు. అన్నం ముందు కూర్చుని నీ గురించి అడుగుతుంది. ఆ పిల్లకు అమ్మ ఉందా అంది, లేదన్నాను. అన్న ఎట్లాటోడు అంది, కోపిష్ఠి అన్నాను. “వాంతులేమన్నా అవుతున్నాయంటనా?” అంది. నీకెందుకు వాంతులవుతాయి? ఆమె అడిగినవన్నీ రాయలేను. కొన్ని రాయడానికి నాకే బాగాలేదు. నాకొక అనుమానం వస్తోంది గానీ అది తప్పయితే నువ్వు నా మొహం చూడవు.

యశోద.


చిత్తూరు.

బిడ్డ రత్నమ్మకు యశోద అత్త సుబ్బులమ్మ దీవించి రాసేది.

నేను రాసేది నా కోడలికి తెలీదు. వీధిబడిలో రవంత చదివినదాన్ని, అచ్చరాలు తప్పుంటే సర్దుకొని చదువుకో.

నువ్వు భయపడొద్దు. నీ సంగతి నేను ఎవురికీ చెప్పలేదు, నా కొడుకు దొరస్వామికి గూడా. ఆడకూతురికి ఇట్లాటి కష్టం నీతోనే మొదులు గాదు. నీతో ఆఖరూ గాదు. కానీ ఆ వేరు మాత్రం తాగొద్దు.

నాకొక చెల్లెలుండె. తిరుమల దాని పేరు. నీ ఈడుదే. పెండ్లి గాకముందే నెల తప్పినాది. ఎవురో ముసిల్ది చెప్పిందని మునగ వేరు బెరడు నూరి తాగినాది. బిడ్డా పోయినాది, అదీ పోయినాది. మా నాయన ఊరికంతా కడుపునొప్పి అని చెప్పినాడు. ఇంట్లో మళ్ళా దాని పేరు ఎవురూ ఎత్తలేదు. ఆ వేరు తవ్వి ఇచ్చింది నేనే. ఎందుకో నాకు తెలీదు, అడిగితే ఇచ్చినా.

ఇప్పుడు నువ్వడిగినావు. ఇయ్యనంటే ఇంగొకరి కాడికి పోతావు. అందుకని వేర్లు తవ్వి, మసిలే నీళ్ళలో వేసి, పొంగొచ్చినాక తీసి, ఆరినాక తడిగోనెలో కట్టి పంపినా. దాంట్లో గుణం సచ్చిపోయుంటాది, తాగినా నీకు ఏమీ కాదు. నిన్ను మోసం చేసినా. తిట్టుకో, ఫరవాలేదు. బతికుండు, సాలు.

నెలలు నిండేదాకా ఈడికి రా. అడిగినోళ్ళకు మా అన్న కూతురని చెప్తా. బిడ్డను నువ్వు పెంచుకోలేకపోతే నేను పెంచుకుంటా. ఆ ప్రొఫెసరు నిన్ను చేసుకుంటాడేమో అడుగు. చేసుకోకపోతే వాడి నోట మన్నుబడ.

సుబ్బులమ్మ.


తిరుపతి,
ఫిబ్రవరి.

యశోదా, యశోదా,

ఈ ఉత్తరంతో పాటు మీ అత్తగారు నాకు రాసిన ఉత్తరం కూడా పంపుతున్నాను. ముందు అది చదువు. చదివి ఆమెను ఒక్క మాట అన్నావో, నీకూ నాకూ మాటల్లేవు.

మొదట ఒళ్ళు మండింది. మా ప్రొఫెసరు గారికి ముగ్గురు మనవరాళ్ళు, తెలుసా? నోట్లో పళ్ళు కూడా సొంతవి కావు. తరవాత నవ్వాను. మా ఇంటావిడ నాగులమ్మ తలుపు ఎందుకు వేసుకుందో అప్పుడు తెలిసి ఇంకా నవ్వాను. ‘నాకు ఇప్పటికే ఒక నెల తప్పింది.’ పెళ్ళికాని ఏ ఆడపిల్లయినా తన చేత్తో ఇలా రాసుకుంటుందా! పనిలో ఒక నెల పోయింది అనాలి. ఏళ్ళ తరబడి ఇంగ్లీషులో పరీక్షలు రాసీ రాసీ నా తెలుగు ఇట్లా తగలడింది. నువ్వయినా, పెళ్ళయినదానివి, చదివి వినిపించేటప్పుడు చెవిలో పడలేదా?

నవ్వుతూనే ఏడుపొచ్చింది. నా ముఖం కూడా చూడని మనిషి నా బిడ్డను పెంచుతానని రాసింది. నాకే గనక నిజంగా ఆ కష్టం వచ్చి ఉంటే మా అన్న ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. నాకు రావడానికి ఒక ఇల్లు ఉండేది, ఇన్నాళ్ళూ ఉన్న సంగతి నాకు తెలియలేదు.

ఇక రెండో సంగతి. వేర్లు ఉడికినవి! మెత్తదనం దానివల్లే. మరి పొద్దునకు రంగు ఎందుకొస్తోంది? బజారు నుంచి ముల్లంగి తెచ్చి రసం తీసి, మీ అత్తగారు చెప్పినట్టే పొంగు రానిచ్చి దించాను. రంగు లేదు. మూతపెట్టి ఉంచి మర్నాడు చూశాను. ఉంది! పూర్తిగా కాదు, కానీ ఉంది. వేడి తగిలి చచ్చిన ఎంజైము, కొంతసేపు వదిలేస్తే తిరిగి లేస్తోంది. ఎక్కువసేపు ఉడికిస్తే మాత్రం లేవడం లేదు. ప్రొఫెసరు గారు పాత జర్నళ్ళు తిరగేసి, వేరే వేర్లలో ఇలాంటిది చూసినవాళ్ళు లేకపోలేదు, మునగలో మాత్రం మనమే అన్నారు. నా గొట్టాలకు క్షమాపణ చెప్పారు. నాకు చెప్పలేదు, గొట్టాలకే!

ఇప్పుడు ఆ చెట్లవే పచ్చి వేర్లు కావాలి. పచ్చివీ ఉడికినవీ పక్కపక్కన పెట్టి చూపాలి. మందు సీసాలు రెండు చెంగల్రాయుడితో పంపుతున్నాను. రంగు నువ్వే నీ కళ్ళతో చూడు. మీ అత్తగారికీ చూపించు.

రత్నం.


చిత్తూరు.

రత్నం,

నా అనుమానం అదే. అడగలేక చచ్చాను. నువ్వు నన్ను తిట్టిన దానికి అది చాలు, సరికి సరి.

మా అత్త రాసిన ఉత్తరం ఆమె ముందే పెట్టాను. నీకేమీ లేదనీ, అది పనిలో పోయిన నెల అనీ చెప్పాను. “అట్లనే చెప్తారులే” అంది. నీ ఉత్తరమే చదివి వినిపించాను. “రాసేది ఎంతసేపు?” అంది. సరే చూడమని వంటింట్లో నీ సీసాలు తీశాను. ఒక గాజుగ్లాసులో పచ్చి వేరు రసం, ఇంకోదాంట్లో ఉడికించిన రసం. రత్నం, నా చెయ్యి వణకలేదే! పచ్చిదాంట్లో చుక్కలు పడగానే ఇటుక రంగు తిరిగింది. నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. రెండోది అలాగే ఉండిపోయింది. మా అత్త దాన్ని చూసి, “అది సచ్చినాది. నేను పంపింది అట్లాటిదే” అని తృప్తిగా తలాడించింది.

మర్నాడు పొద్దున అదే ఉడికిన రసంలో మళ్ళీ చుక్కలు వేశాను. రంగు తిరిగింది. అది చూపించకుండా ఉండాల్సింది. మా అత్త గోడకు ఆనుకుని, “అంటే నేను పంపినవన్నీ మళ్ళా లేచినాయా? ఆ పిల్ల తాగుంటే?” అంది. అట్లా కూలబడి ఏడ్చింది. రంగు తెచ్చేది వేరు, ప్రాణం తీసేది వేరు, రెండూ ఒకటి కావు అని ఎంత చెప్పినా వినలేదు. నేను చెప్పేది నిజమేనా, నాకూ పూర్తిగా తెలియదు కదా.

ఆయన కోర్టు నుంచి వచ్చేసరికి ఇద్దరం అక్కడే ఉన్నాం. తనకొక పిన్నమ్మ ఉండేదని ఆయనకు ఆ రోజే తెలిసింది. “తిరుమల” అని మా అత్త ఆ పేరు పైకి అంది. ఆయన తల్లి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ పూట వంట లేదు మాకు.

పచ్చి వేర్లు మాత్రం పంపనంటోంది. “ఉడకబెట్టినవి ఎన్నైనా కట్టిస్తా. పచ్చివి నా పెరడు దాటవు. ఆ పిల్ల కాకపోతే ఇంగో పిల్ల తాగుతాది” అంటోంది. దొంగతనంగా తవ్వి పంపగలను. ఆమె కళ్ళు చూశాక చేతులు రావడం లేదు.

యశోద.


తిరుపతి,
మార్చి.

యశోదా,

తవ్వకు. దొంగతనంగా వచ్చిన వేరు నాకు వద్దు.

మద్రాసు పెద్దమనిషి వచ్చి వెళ్ళాడు. ఉడికిన వేరు లేచిన సంగతి మా ప్రొఫెసరు గారు చూపించారు. ఆ పెద్దమనిషి గొట్టాలు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. తరవాత, ఇవే చెట్ల పచ్చి వేరు ఏదీ అని అడిగాడు. మొదటి మూట లెక్క ఒక్కటే చూపాం. ఒక్కసారి వస్తే సాక్ష్యం కాదన్నాడు. న్యాయమే. జూన్ దాకా గడువిచ్చాడు. పచ్చి వేరుతో పోల్చి చూపిస్తే నా ఉద్యోగం ఖాయం, లేకపోతే ఏర్పేడు.

అది కాదు నన్ను తినేస్తున్నది. “ముందు ఉడకబెట్టాలని మీకెట్లా తోచింది?” అని ఆయన నన్నే అడిగాడు. అందరూ మగవాళ్ళు. నా నోట్లోంచి, “పొరపాటున జరిగిందండీ, పంపినవాళ్ళు తెలియక ఉడకబెట్టారు” అని వచ్చింది. ఆయన నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి అన్నం సహించడం లేదు. తెలియక కాదు కదా ఆమె చేసింది! లోకంలో అంత తెలిసి చేసిన పని ఇంకొకటి లేదు.

ఈ కింది మాటలు ఆమెకు చదివి వినిపించు. ఈసారి అన్నీ చదువు, చివరి నాలుగే కాదు.

అమ్మా, మీరు నా కోసం చేసినదాన్ని నేను పదిమందిలో పొరపాటు అన్నాను. నన్ను మన్నించండి. నాకు నెల తప్పలేదు. నేను ఏ వేరూ తాగను, ఎవరికీ తాగడానికి ఇవ్వను. దంచిన వేరు పిప్పి నా చేతులతో కాల్చేస్తాను. దీనికి సాక్షులు లేరు. మీరు నమ్మితే నమ్మాలి, అంతే. నమ్మకపోతే కోపం తెచ్చుకోను, మీకు నమ్మకపోవడానికి కారణం ఉంది. ఉద్యోగం ఉన్నా పోయినా ఒకసారి మీ ఇంటికి వస్తాను. మీ అన్న కూతురిలాగే వస్తాను.

రత్నం.


చిత్తూరు.

బిడ్డ రత్నమ్మకు సుబ్బులమ్మ రాసేది.

ఈ తూరి నా కోడలు పక్కనే ఉండాది. తాను రాస్తానన్నాది, నేనే రాస్తానని కలం తీసుకున్నా.

పొరపాటు అన్నావని బాధపడొద్దు. అంతమంది మొగోళ్ళ ముందర నేనైనా అట్లనే అనుంటా. మా నాయన కడుపునొప్పి అన్నాడు, నువ్వు పొరపాటు అన్నావు. కానీ ఆ మద్రాసు యప్ప మళ్ళా వస్తే ఉన్నది ఉన్నట్టు చెప్పు. చిత్తూరులో సుబ్బులమ్మ అనే ఆమె కావాలనే ఉడకబెట్టినాదని చెప్పు. తిరుమల పేరు గూడా చెప్పు. దాని పేరు ఎవురో ఒకరు బయట చెప్పాల.

ఉడికినాక సచ్చింది మళ్ళా లేస్తాదని మీరు చూపించినారు. మనుషులకు అది లేదు కదమ్మా. ఉండుంటే నేను దాన్ని ఎంతసేపైనా కాసుకోని కూర్చోనుందును.

నీ ఉత్తరం యశోద చేత మళ్ళా మళ్ళా చదివించుకున్నా. అప్పుడు నా చెల్లెలు అడిగితే ఎందుకని అడక్కుండా ఇచ్చినా. నువ్వడిగినబుడు నిన్ను అడక్కుండా మోసం చేసినా. రెండు తూర్లూ నోరు తెరిచి ఒక మాట అడిగింది లేదు. ఇప్పుడు అడిగినాను, నువ్వు చెప్పినావు.

చెంగల్రాయుడు గడపలో నిలబడి తొందర పెడతా ఉండాడు. వేర్లు పొద్దున నేనూ నా కోడలూ కలిసి తవ్వినాము. మన్ను కడిగినాము, తడిగోనె చుట్టినాము. పొయ్యి మీద నీళ్ళు మసలతానే ఉన్యాయి, వాటితో అన్నం వండేసినా.

మూటలోవి పచ్చివే.

సుబ్బులమ్మ.